సున్నా పాయింట్ నాలుగు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి విజయవాడ గవర్నర్‌పేట నెట్ సెంటర్లకు ఊపిరి సలపదు. జీపీఏలు నడుస్తున్న రోజుల్లో, అలాంటి ఒక ఎండ మధ్యాహ్నం జిరాక్సు కోసం వెళ్లి వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక తండ్రీ కొడుకూ ఉన్నారు. తండ్రి భుజాన తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితాలు. కొడుకు మునిసిపల్ స్కూలు పిల్లవాడు. నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెడుతున్నారు. కంప్యూటరు ముందున్న అబ్బాయి స్కూలు వివరాలు కొడుతూ, తల తిప్పకుండానే అడిగాడు.

"గవర్నమెంటు స్కూలే కదండీ? హాస్టలు స్కూలు కాదుగా? అయితే మీవాడికి పాయింట్ ఫోర్ కలుస్తుందండి."

"అంటే ఎన్ని మార్కులు బాబూ?"

"మార్కులు కాదండీ. జీపీఏ పదికి కదా, దానికి సున్నా పాయింట్ నాలుగు కలుపుతారు."

ఆయన కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుని, "అరైనా లేదే" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఇంటికి వెళ్లాను. రాత్రి భోజనాలయ్యాక కాగితం, పెన్ను తీసి లెక్క వేశాను. వేసిన కొద్దీ ఆ చిన్న సంఖ్య మీద గౌరవం పెరిగింది. మంచి వడ్రంగి చేసిన తలుపును దూరం నుంచి చూసి బాగుందనేస్తాం. చెక్కకు చెక్క ఎక్కడ అతికిందో వేలితో తడిమి చూస్తేగానీ వడ్రంగి ఎలాంటివాడో తెలియదు. నేను చూసింది అలాంటి ఒక అతుకు. లెక్కలు, కంప్యూటర్లు చదవాలనుకునే పేదింటి పిల్లలకు సాయపడే ఏర్పాట్లు మన దగ్గర చాలానే వచ్చాయి. ఇంత కొలిచి చేసింది మరొకటి నాకు కనిపించలేదు.

అప్పటి లెక్క ఇదీ. పదో తరగతికి ఆరు సబ్జెక్టులు: తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషలు. ఏ1 వస్తే 10 పాయింట్లు, ఏ2 వస్తే 9. ఆరింటి సగటు జీపీఏ. అన్నింట్లో ఏ1 తెచ్చుకుంటే 10.0. ఒక్కదాంట్లో ఏ2కి జారితే 59ని ఆరుతో భాగించాలి, 9.8 వస్తుంది. రెండింట్లో జారితే 9.7, మూడింట్లో 9.5. ఆ కింద 9.3, 9.2, 9.0. ఈ నిచ్చెనలో మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం పాయింటులో ఆరో వంతు. రెండు మెట్ల ఎత్తు 0.33, మూడు మెట్ల ఎత్తు 0.5. 0.4 సరిగ్గా ఆ రెండింటి నడుమ పడుతుంది.

ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెడదాం. ఒకడు ప్రైవేటు స్కూల్లో చదివి 10.0 తెచ్చుకున్నాడు. ఇంకొకడు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి 9.7 తెచ్చుకున్నాడు. 0.4 కలిపితే రెండోవాడిది 10.1, ముందుకు వస్తాడు. అదే 9.5 అయితే కలిపాక 9.9 అవుతుంది. 10.0 వాడి వెనకే ఉంటాడు గానీ, 9.8 తెచ్చుకున్న ప్రైవేటు స్కూలు పిల్లవాడికి ముందుంటాడు. అంటే రెండు సబ్జెక్టుల్లో జారిన జారుడును ఈ సంఖ్య మన్నిస్తుంది, మూడోదాన్ని మన్నించదు. 0.3 పెట్టి ఉంటే 9.7 వాడు 10.0 దగ్గర ఆగిపోయి తగువు వచ్చేది. 0.5 పెట్టినా 9.5 వాడితో అదే తగువు. 0.4కి అక్కడ ఆ బాధ లేదు, చాలాచోట్ల ఇద్దరినీ విడదీసి నిలబెడుతుంది. కొన్నిచోట్ల మాత్రం అతుకు కాస్త బయటికి కనిపిస్తుంది. ఉదాహరణకు 9.3కి 0.4 కలిపితే 9.7 అయి, అసలు 9.7 వాడితో సమానమవుతుంది. అసలు విలువలు 9.33, 9.67 కనుక కచ్చితంగా లెక్కిస్తే సమానం కాదు. దశాంశం తర్వాత ఒక్క అంకెకు కుదించడంతో వచ్చిన సమానం అది.

ఈ 0.4కి కాగితాల్లో ఉన్న పేరు డిప్రివేషన్ స్కోరు. లేమికి ఇచ్చే స్కోరు అన్నమాట. అది ఎవరికి వస్తుందో చెప్పిన తీరు చూడండి. ప్రభుత్వ బడే కావాలి, అదీ రాత్రి ఇంటికి పోయే బడి కావాలి. ప్రభుత్వ గురుకులంలో చదివిన పిల్లవాడికి రాదు. మొదట నాకిది అన్యాయమనిపించింది, గురుకులాల్లో చదివేదీ పేదపిల్లలే కదా అని. తర్వాత అర్థమైంది. గురుకులంలో మూడు పూటలా తిండి ఉంటుంది. రాత్రి స్టడీ అవరు ఉంటుంది. సందేహం వస్తే అడగడానికి మాస్టారు అదే ఆవరణలో ఉంటారు. జడ్పీ స్కూలు పిల్ల సాయంత్రం గంట కొట్టాక ఇంటికి వెళ్లి నీళ్లు పట్టాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి, కరెంటు పోతే దీపం వెతుక్కోవాలి. 0.4 కొలిచేది ఆ సాయంత్రాన్ని. కులధ్రువీకరణ పత్రమో, ఆదాయ ధ్రువీకరణ పత్రమో చూసి ఈ సాయంత్రాన్ని కనిపెట్టలేం. బడి గంట ఎప్పుడు కొడతారో, ఆ తర్వాత పిల్ల ఎక్కడికి వెళ్తుందో చూడాలి. ఆ పని చేశారు.

ఇద్దరూ సమానమైనప్పుడు ఏం చేయాలన్న దాంట్లో కూడా అంతే శ్రద్ధ ఉంది. జీపీఏలు సమానమైతే మొదట లెక్కల గ్రేడు చూసేవారు. అదీ సమానమైతే సైన్సు. ఆ తర్వాత ఇంగ్లీషు, సోషలు, మొదటి భాష. అన్నీ సమానమైతే వయసులో పెద్దవారికి సీటు. పుట్టినరోజు కూడా కలిస్తే, హాల్‌టికెట్ నంబరు నుంచి తీసిన యాదృచ్ఛిక సంఖ్య ఎవరికి తక్కువైతే వారికి. వయసులో పెద్దవారికి ముందు అవకాశం ఇవ్వడం నాకు చాలా నచ్చింది. ఒకే తరగతిలో ఒక పిల్ల ఏడాది పెద్దదైందంటే, ఆ ఏడాది ఎక్కడో పోగొట్టుకుని ఉంటుంది. జబ్బు చేసి ఉండొచ్చు, వలస వెళ్లి ఉండొచ్చు, పత్తి చేలో గడిచిపోయి ఉండొచ్చు. పోయిన ఏడాదిని తిరిగి ఇవ్వలేకపోయినా కనీసం లెక్కలోకి తీసుకున్నారు.

లెక్కలకు మొదటి పీట వేయడం గురించి ఇంకో మాట చెప్పాలి. శ్రీనివాస రామానుజన్ 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్‌తో చేరాడు. లెక్కల్లో మునిగిపోయి ఇంగ్లీషు తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. ఆ తర్వాత ఆయన ఏళ్ల తరబడి నోటు పుస్తకం చంకన పెట్టుకుని ఊరూరూ తిరగాల్సి వచ్చింది. 1910 చివర్లో మన నెల్లూరుకు వచ్చాడు. అప్పుడు అక్కడ కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు లెక్కలు తెలిసినవాడు, ఇండియన్ మేథమెటికల్ సొసైటీలో ముఖ్యుడు. రామానుజన్ నోటు పుస్తకం చూసి, కొన్నాళ్లకు నమ్మకం కుదిరాక, తన సొంత డబ్బులోంచి నెలకు 25 రూపాయలు పంపే ఏర్పాటు చేశాడు. ఫలానా పరీక్ష పాసవ్వాలని గానీ, ఫలానా కాలేజీలో చేరాలని గానీ షరతు పెట్టలేదు. రామానుజన్ అడిగింది కూడా అంతే: తిండికి ఇబ్బంది లేకుండా లెక్కలు చేసుకునే తీరిక. ఊరికే తీసుకోవడం ఇష్టంలేక, 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తాగా చేరాడు. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. కుంభకోణంలో పెట్టిన కొలబద్ద ఇంగ్లీషు. నెల్లూరులో పెట్టినది లెక్కలు. వందేళ్ల తర్వాత నూజివీడు నియమాల్లో రెండూ ఉన్నాయి, కాకపోతే ముందు లెక్కలు, మూడో వరసలో ఇంగ్లీషు. తెలుగు మీడియం పిల్లల కోసం పెట్టిన చదువులో ఆ వరస ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పి అసలు సంస్థ గురించి చెప్పలేదు. 2008లో చట్టం చేసి రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ అన్న విశ్వవిద్యాలయాన్ని పెట్టారు. జనం పిలిచే పేరు ట్రిపుల్ ఐటీ. నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో మూడు ప్రాంగణాలు తెరిచారు. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వెళ్లింది, 2016లో ఇటు శ్రీకాకుళం, ఒంగోలు కలిశాయి. పదో తరగతి అయిన పిల్లల్ని తీసుకుని ఆరేళ్లు అక్కడే ఉంచి చదివిస్తారు. మొదటి రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. గ్రేడ్లు పోయి మార్కులు తిరిగొచ్చాక కూడా లేమి స్కోరు పోలేదు, 4 శాతం రూపంలో కొనసాగింది. కోవిడ్ కాలంలో 2020, 2021ల్లో మాత్రం ప్రవేశ పరీక్ష పెట్టారు.

ఈ మొత్తం పనిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది "పదో తరగతి అయిన వెంటనే" అన్న నిర్ణయం. విజయవాడ వాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. ఇంటర్ రెండేళ్లంటే ఏమిటో మన ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. బెంజి సర్కిల్ దాటితే చాలు, ర్యాంకుల హోర్డింగులు, పాస్‌పోర్టు ఫొటోల్లో పిల్లల ముఖాలు. ఆ రెండేళ్ల కోసం దివిసీమలో అరెకరం అమ్మినవాళ్లున్నారు, గుడివాడలో పుస్తెలతాడు కుదువ పెట్టినవాళ్లున్నారు. జడ్పీ స్కూల్లో పదిలో మొదటగా వచ్చిన పిల్ల, పట్నంలో చదివినవాళ్లతో లెక్కల్లో భుజం భుజం కలిపి నిలిచిన పిల్ల, ఇంటర్ దాటేసరికి ఎక్కడో వెనక్కి పోతుంది. ఆ రెండేళ్లలో తెలివి ఎక్కడికీ పోదు. కోచింగు కొనగలిగినవాళ్లు కొనుక్కుంటారు, అంతే. ఎంసెట్ ర్యాంకు చూసి పేదపిల్లలకు సాయం చేస్తామనే పథకం ఏదైనా, అప్పటికే తెగిపోయిన తాడు చివర పట్టుకుని లాగుతున్నట్టే. నూజివీడు కట్టినవాళ్లు తాడు తెగే చోటు ఏదో ముందే కనిపెట్టి, దానికి జానెడు ఇవతల ముడి వేశారు.

ఆ ఆలోచన వెనక ప్రధానంగా రాజ్ రెడ్డి ఉన్నారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. చిన్నప్పుడు ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. గిండీలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ చేశారు. మాట్లాడితే అర్థం చేసుకునే కంప్యూటర్ల మీద పనిచేసి, కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరై, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు. ఈ విశ్వవిద్యాలయానికి ఛాన్సలరుగా పనిచేశారు. ఇవన్నీ చాలామందికి తెలిసిన సంగతులే. నేను అనేదల్లా, కాటూరు నుంచి నడిచి వచ్చినవాడికే దారి ఎక్కడ విరిగిందో గుర్తుంటుంది అని.

నూజివీడు మనకు నలభై అయిదు కిలోమీటర్ల దూరం. పండిట్ నెహ్రూ బస్టాండులో బస్సెక్కి ఆగిరిపల్లి మీదుగా వెళ్తే, దారి పొడుగునా మామిడి తోటలు. మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది. రసాలకూ వీణలకూ పేరున్న ఊరు. ఇంకో పేరు కూడా ఉంది, అది చాలామందికి గుర్తుండదు. గణాంకశాస్త్రంలో ప్రపంచం మొత్తం గురువుగా తలచిన సి.ఆర్. రావు చిన్న తరగతులు కొన్ని ఇక్కడే చదివారు. తండ్రి ఉద్యోగం బదిలీల వల్ల గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరిగారు. తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనెదీపం వెలిగించి పెట్టేదని, తన పుస్తకం అంకితంలో రాసుకున్నారు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడికి ఆ దీపం దొరికింది. నూజివీడు ప్రాంగణంలో అలా లేపే తల్లులు దూరాన ఉంటారు. ఆ లోటు ఎవరు తీరుస్తారన్నదే ఆ హాస్టళ్ల కథ.

వెనకటికి మన దగ్గర వారాలు చేసుకుని చదువుకోవడం ఉండేది. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, ఇలా ఏడు ఇళ్లు కుదుర్చుకుంటే పిల్లవాడి తిండి గడిచేది. ఆలోచిస్తే అది చాలా తెలివైన అమరిక. ఏ ఇంటికీ వారానికి ఒక విస్తరి మించి భారం లేదు, ఏ ఒక్క ఇంటికీ పిల్లవాడు పూర్తిగా రుణపడడు. కానీ ఒక ఇల్లాలికి జ్వరం వస్తే ఆ రోజు పస్తే. పైగా ఏ ఇంటి అరుగు ఎవరికి తెరుచుకుంటుందో కులం చెప్పేది. తెలివైన అమరిక చాలామందికి తలుపు మూసే ఉంచింది. ఇప్పుడు నూజివీడు మెస్సులో ఏ పిల్ల పళ్లేనికీ ఇంటి పేరు లేదు. ఏడు ఇళ్ల పనిని ఒక్క వంటశాల చేస్తోంది. అక్కడ పప్పు పల్చనైతే పిల్లలు అడుగుతారు, అడిగే హక్కు ఉంది. వారాలబ్బాయికి అది లేదు.

హాస్టలు చేసే మేలు తిండితో ఆగదు. 1970ల చివర అమెరికాలో, బర్కిలీలో యూరీ ట్రైజ్‌మన్ అనే గణితం మాస్టారు ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. తెలివైన నల్లజాతి విద్యార్థులు మొదటి ఏడాది కాల్కులస్‌లో ఎందుకు తప్పుతున్నారు? చుట్టూ ఉన్నవాళ్లు చెప్పిన కారణాలు పేదరికం, స్కూల్లో వేసిన పునాది, ఇంటి వాతావరణం. ఆయన పిల్లల వెంట తిరిగి చూశాడు. తప్పుతున్నవాళ్లు ఒంటరిగా గదుల్లో చదువుతున్నారు. చైనా మూలాల పిల్లలు మాత్రం కలిసి కూర్చుని, కలిసి తింటూ, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. అందుకని ఆయన వెనకబడినవాళ్ల కోసం అదనపు ట్యూషన్లు పెట్టలేదు. అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, క్లాసులో ఇచ్చేవాటికన్నా కష్టమైన లెక్కలు ఇచ్చాడు. ఫలితాలు మారిపోయాయి. "నువ్వు వెనకబడ్డావు, నీకు తేలికవి ఇస్తాను" అన్న మాటలో ఉన్న అవమానాన్ని ఆయన తీసేశాడు, నాకు కనిపించేది అది. నూజివీడులో ఆరేళ్లు ఒకే పైకప్పు కింద ఉండటం వల్ల ఆ బల్ల దానంతటదే ఏర్పడుతుంది. గదిలో ఒకడికి లెక్క తెగితే, లైట్లార్పే లోపు నలుగురికీ తెగుతుంది. తొలి ఏళ్లలో ప్రతి పిల్లకూ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఇంట్లో టీవీ కూడా లేని పిల్ల ఒళ్లో అది పెట్టడం 2008లో చిన్న సంగతి కాదు. ప్రోగ్రాం రాసి, తప్పు చూపిస్తే దిద్ది, మళ్లీ నడిపించి చూడటం తన వంతు వచ్చేదాకా ఆగి నేర్చుకునే పని కాదు. యంత్రం తన దగ్గరే ఉండాలి, అర్ధరాత్రి కూడా.

లోపాలు లేవని అనను. మొదటి ఏడే ఒక్కో ప్రాంగణానికి రెండు వేలమంది చొప్పున తీసుకున్నారు. గోడలు లేచే లోపే పిల్లలు వచ్చేశారు. తర్వాత ఆ సంఖ్య తగ్గించారు. అధ్యాపకుల్లో చాలామంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేశారు. పిల్లలకు ఇంత కొలిచి చేసినవాళ్లు, పాఠం చెప్పేవారి విషయంలో కొలత తప్పారనిపిస్తుంది. ఇక ఆ 0.4లో కూడా ఒక పగులు ఉంది. నాలుగిళ్లలో పాచిపని చేసి, అప్పు తెచ్చి, కూతుర్ని వీధి చివరి కాన్వెంటులో ఇంగ్లీషు మీడియం చదివించిన తల్లి ఉంది. ఆ పిల్ల సాయంత్రం జడ్పీ స్కూలు పిల్ల సాయంత్రం లాంటిదే. కానీ ఆమెకు సున్నా కలుస్తుంది. బడిని చూసి ఇంటిని అంచనా వేసే ఏ కొలత అయినా ఇక్కడ తప్పుతుంది. అయినా ఇంటింటికీ వెళ్లి లేమిని కొలిచే పని ఏ ఆఫీసుకు అప్పజెప్పినా, అది ఎవరి బల్ల దగ్గర ఆగిపోతుందో మనకు తెలుసు. కాగితం మీద కనిపించే గుర్తులన్నిట్లో ఇదే మేలని నా అభిప్రాయం.

ట్రిపుల్ ఐటీ సీటు అందనివాళ్లు, ఇంజనీరింగు కాకుండా లెక్కలనే నమ్ముకున్నవాళ్లు డెల్టా ఊళ్లన్నిట్లో డిగ్రీ కాలేజీల్లో లెక్కలు చదువుతున్నారు. వాళ్ల కోసం జరిగిన మంచిపని ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఎస్. కుమరేశన్ అనే గణితాచార్యుడు, తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కూడా చెప్పినవాడు, 1993లో ఎంటీటీఎస్ అనే వేసవి శిబిరాలు మొదలుపెట్టాడు. ఎంపికైన పిల్లలకు తిండి, వసతి ఉచితంగా పెట్టి, రైలు ఛార్జీలు ఇచ్చేవారు. నాలుగు వారాలు లెక్కలే లెక్కలు. అయితే అక్కడ పాఠం చెప్పరు, అడుగుతారు. బోర్డు దగ్గర మాస్టారు ఒక ప్రశ్న వేసి జవాబు వచ్చేదాకా ఆగుతాడు. నోట్సు రాసుకుని గైడు బట్టీ పట్టి ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్లకు మొదటి వారం ఏడుపొస్తుంది. నాలుగో వారానికి తనే బోర్డు దగ్గరికి వెళ్తుంది.

ఇక మిగిలింది భాష. నూజివీడు చేరిన పిల్లల్లో తొలి ఏళ్లలో ఎక్కువమంది తెలుగు మీడియం వాళ్లు, అక్కడి చదువు ఇంగ్లీషులో. లెక్కలకు భాషతో పనేముంది, అంకెలే కదా అనేవాళ్లు డిగ్రీలో లెక్కలు చదవనివాళ్లు. పై తరగతుల్లో లెక్కలంటే దాదాపు అంతా మాటలే. ఆ మాటల్ని తెలుగులో తయారుచేసిన పని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. 1968లో, పి.వి. నరసింహారావు విద్యామంత్రిగా ఉన్నప్పుడు తెలుగు అకాడమీ వచ్చింది. ఇంటర్, డిగ్రీ పుస్తకాలను తెలుగులో వేసి, చవకగా అమ్మింది. లెక్కల పుస్తకాల్లో అకాడమీ వాడిన మాటలు చూస్తే, వాటిని కూర్చినవాళ్ల పనితనం అర్థమవుతుంది. వేర్వేరు మూలకాలు వేర్వేరు చోట్లకే వెళ్లే ప్రమేయం అన్వేకం. అను, ఏకం కలిసిన మాట, ఒకదాని వెంట ఒక్కటే. అవతలి సమితిలో ఏ మూలకమూ మిగిలిపోకుండా అందుకునేది సంగ్రస్తం. గ్రహణం పట్టిన చంద్రుణ్ణి గ్రస్తుడంటాం కదా, అలా అంతా మింగేసి అంచు కూడా మిగల్చనిది. రెండు గుణాలూ ఉన్నది ద్విగుణం. అభిసరణం అన్నప్పుడు ఆ అనుక్రమం ఎవరినో కలుసుకోవడానికి ఎదురు నడుస్తున్నట్టుంటుంది. ఇంగ్లీషులో ఈ భావాలకున్న మాటల కన్నా ఇవి బొమ్మ కడతాయని నేను గట్టిగా నమ్ముతాను. ఈ మాటల్లో లెక్క నేర్చుకున్న పిల్ల ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు లెక్కను మళ్లీ నేర్చుకోనక్కర్లేదు, పేర్లు మార్చుకుంటే చాలు. కాకపోతే ఆ పేర్లు మార్చుకునే మొదటి మూడు నెలలు ఒక్కర్తీ చీకట్లో గోడ తడుముకున్నట్టుంటుంది.

ఈమధ్య లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర అకాడమీవారి ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1ఏ దొరికింది. అట్ట ఊడి, దారంతో కుట్టి ఉంది. తొలి పేజీలో పేరు కొట్టేసి ఉంది, కింద సన్నటి అక్షరాలతో నూజివీడు అని మాత్రం మిగిలింది. మొదటి అధ్యాయం ప్రమేయాలు. ప్రతి పేజీలో పెన్సిలు రాత. అన్వేకం పక్కన వన్ వన్, సంగ్రస్తం పక్కన ఆన్‌టూ, ద్విగుణం పక్కన బైజెక్షన్ అని, అన్నీ తెలుగు లిపిలోనే. కొన్నిచోట్ల ఎలా పలకాలో అని రెండు రకాలుగా రాసి ఒకటి కొట్టేసి ఉంది. గణితానుగమనంలో కూడా అంతే చిక్కగా ఉంది. మాత్రికలు వచ్చేసరికి పేజీకి రెండు మూడు మాటలు. సదిశల దగ్గర ఒకే ఒక్క మాట. త్రికోణమితి మొదలయ్యాక పెన్సిలు లేదు. చదవడం మానేసిందేమో అనుకుంటూ పేజీలు తిప్పుతూ పోయాను. చివరి అధ్యాయం త్రిభుజ ధర్మాలు. అక్కడ అంచున ఒక లెక్క మొత్తం చేసి ఉంది, పెన్నుతో, పై నుంచి కింది దాకా ఇంగ్లీషులో. పుస్తకంలో ఇచ్చిన దారి కాదు, రెండు మెట్లు తక్కువ.

షాపతను నలభై అన్నాడు. నలభై ఇచ్చి తెచ్చుకున్నాను.